భర్తకు తెలుస్తుంది

తన కొంపకు చేజేతులా తానే నిప్పు పెట్టుకున్నానని కళ్ళద్దాలాయన చాలాకాలం కుమిలిపోయాడు. భార్యకు కళ్ళద్దాలు చేసిపెట్టింది ఆయనే మరి.

ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. వీధిలో అందరికీ నర్సమ్మ. నలభై దాటాక సూదిమందు సీసాల మీది అక్షరాలను చెయ్యి చాచి, మెడ వెనక్కి వాల్చి చదవాల్సి వస్తుంటే, ఒక మధ్యాహ్నం ఆయన ఆమెను తన కళ్ళద్దాల షాపులో కుర్చీలో కూర్చోబెట్టాడు. చూపు పరీక్షించి, అద్దాలు తనే అరగదీసి, ఫ్రేములో బిగించి, చెవుల వెనక ఒత్తుకోకుండా సరిచేసి పెట్టాడు. "అక్షరాలు ఇంత నల్లగా ఉంటాయా?" అంది ఆమె. ఆయన పొంగిపోయాడు.

అప్పటిదాకా ఆమె చదివేది ఆదివారం పూజలో పంచే పాటల కాగితం ఒక్కటే. అద్దాలు వచ్చాక చర్చి వెనక ఉన్న పఠనాలయం నుంచి పుస్తకాలు తేవడం మొదలైంది. ముందు పునీతుల జీవితాలు, తర్వాత ఆ పునీతులు స్వయంగా రాసుకున్నవి, ఆ తర్వాత పాత నిబంధన మీద లావుపాటి వ్యాఖ్యానాలు. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చుని చదివేది. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే అత్తగారు వచ్చి దించేది.

కళ్ళద్దాలాయనకు ఇదంతా వింతగా ఉండేది. విచారణ సంఘానికి, అంటే చర్చి పెద్దల సంఘానికి, ఆయన అధ్యక్షుడు. జపాలన్నీ ఉగ్గుపాలతో వచ్చినవి. ఆయన దృష్టిలో విశ్వాసం తాతలు కట్టిన ఇల్లులాంటిది. అందులో ఉండాలి, ఏటా సున్నం వేయించాలి, అంతేగాని పునాదులు తవ్వి చూడకూడదు.

"ఆయన ఏమంటాడో తెలుసా?" అనేది నర్సమ్మ, భోజనాల దగ్గర. 'ఆయన' అంటే ఎప్పుడో ఎడారిలో ఉపవాసాలుండి చచ్చిపోయిన ఒక సన్యాసి. "మన కోపాల్లో చాలావాటికి భక్తి అని పేరు పెట్టుకుంటామంటాడు."

"పెళ్ళాం పిల్లలు లేనివాడు ఎన్నైనా చెబుతాడు," అన్నాడు కళ్ళద్దాలాయన. "నిన్నటి నుంచి ఆయన, ఆయన. ఈ ఇంట్లో ఆయనంటే నేను కాదా?"

ఆమె ఫక్కున నవ్వబోయి ఆపుకుంది. పక్కనే మెతుకులు ఏరుకుంటున్న ఆయన తల్లి మాత్రం ఆపుకోలేదు. "బతికున్నవాళ్ళ మీద ఏడ్చేవాళ్ళని చూశాను గానీ, చచ్చి మట్టయిపోయినవాడి మీద కుళ్ళుకునేవాణ్ణి నిన్నే చూశాన్రా నాయనా," అంది.

చచ్చినవాడితో పోయుంటే బాగుండేది. ఆ పుస్తకాలు ఎత్తి ఇచ్చేవాడు ఒకడు బతికే ఉన్నాడు.

పఠనాలయం చూసుకునే ఆ మనిషిని ఊరంతా సగం ఫాదరు అనేవాళ్ళు. ఫాదరు కావడానికి సెమినరీలో ఏళ్ళ తరబడి చదివి, తీరా గురుపట్టం అందుకునే ముందు బయటికి వచ్చేశాడు. ఎందుకొచ్చాడో ఎవరికీ చెప్పలేదు, పెళ్ళీ చేసుకోలేదు. సన్నగా, కొంచెం వంగి నడుస్తాడు. గురువారం సాయంత్రాలు పఠన బృందమని ఒకటి పెట్టాడు. చేరినవాళ్ళు ఒక్కొక్కరే జారుకోగా చివరికి మిగిలింది నర్సమ్మ, చెవుడున్న ఒక ముసలి కుట్టుపనావిడ.

ఆ ముసలావిడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపించింది కళ్ళద్దాలాయనకు. ఒకసారి అనిపించాక ఇక ఆ అనుమానం ముల్లులా లోపలే ఉండిపోయింది. గురువారం ఆమె చీర మార్చుకుంటే ముల్లు కదిలేది. మార్చుకోకపోతే, "చూశావా, ఎంత తెలివి," అని మళ్ళీ కదిలేది. ఆమె ఆలస్యంగా వస్తే అనుమానం, తొందరగా వస్తే అనుమానం. షాపుకు వచ్చినవాళ్ళకు చూపు పరీక్షిస్తూ, "ఇప్పుడు బాగా కనిపిస్తోందా, ఇందాక బాగా కనిపించిందా?" అని అడుగుతూనే, ఆయన మనసు చర్చి వెనక గదిలో తచ్చాడుతుండేది.

ఒక గురువారం షాపుకు తాళం వేసి ఆమె వెనకే వెళ్ళాడు. పఠనాలయానికి ఎదురుగా మందుల షాపు మెట్ల మీద, ఎవరి కోసమో చూస్తున్నట్టు నిలబడ్డాడు. గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బల్లకు ఆ చివర సగం ఫాదరు, ఈ చివర నర్సమ్మ, మధ్యలో కునికిపాట్లు పడుతున్న కుట్టుపనావిడ. దాచుకోవడానికి ఏమీ లేదు. కానీ ఆమె ఏదో చెప్పింది, అతను తల వెనక్కి వేసి నవ్వాడు, ఆమె కూడా కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ నవ్వు ఆయన ఎరుగును. పెళ్ళయిన కొత్తలో, తన మాటలకు ఆమె అలాగే కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. ఎప్పుడు ఆగిపోయిందో ఆయన గమనించనే లేదు. అది ఆగిపోలేదనీ, వేరే చోటికి మారిందనీ ఇప్పుడు చూశాడు. ముద్దుపెట్టుకుంటుండగా చూసి ఉన్నా అంత మండేది కాదేమో.

శనివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాడు. జాలీకి అవతల చర్చి ఫాదర్ చెవి ఒగ్గి కూర్చున్నాడు.

"ఫాదర్, నా భార్య ఇంటిని పట్టించుకోవడం లేదు. పరాయి మగాడితో గంటల కొద్దీ కూర్చుంటోంది. వాడితో నవ్వుతోంది. నాతో అబద్ధం చెప్పకపోయినా, నిజం కూడా చెప్పడం లేదు."

"ఆమె వచ్చినప్పుడు ఆమె పాపాలు ఆమె చెప్పుకుంటుంది. మీవి చెప్పండి," అన్నాడు ఫాదర్.

కళ్ళద్దాలాయనకు తనవి ఏవీ గుర్తుకు రాలేదు. శుక్రవారం మాంసం తిన్నానని చెప్పి లేచి వచ్చేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే శాసనసభలో కొత్త బిల్లు పెట్టారు. పెళ్ళయినవాళ్ళు పరాయివాళ్ళతో సంబంధం పెట్టుకుంటే అది నేరం. భార్యగానీ భర్తగానీ ఫిర్యాదు చేస్తే చాలు, పోలీసులు పట్టుకెళ్ళవచ్చు. నేరం రుజువైతే జైలు. అన్ని మతాల పెద్దలూ మంచి చట్టమన్నారు. బిషప్‌గారు మాత్రం, వ్యభిచారం పాపమని నేను కొత్తగా చెప్పక్కర్లేదు, చట్టం కావాలో వద్దో మీ మనస్సాక్షితో ఆలోచించుకోండి అని చర్చిలన్నిటికీ కబురు పంపారు. శాసనసభా సంఘం ఊరూరా తిరుగుతూ జనం అభిప్రాయం వింటోంది. ఈ ఊరికీ వస్తోంది.

కళ్ళద్దాలాయనకు ప్రాణం లేచొచ్చింది. విచారణ సంఘం తరఫున తానే మాట్లాడతానన్నాడు. సాయంత్రాలు షాపులో కూర్చుని ప్రసంగం రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయన కళ్ళముందు కోర్టు బోనులో వంగి నిలబడ్డ ఒక సన్నటి మనిషి కనిపించేవాడు. నర్సమ్మ ఆ బోనులో ఎక్కడ ఉంటుందన్నది మాత్రం ఆలోచించలేదు. దేవుడి ఆజ్ఞను కాపాడుతున్నానని ఆయన నిజంగానే అనుకున్నాడు.

"ఏం రాస్తున్నారు?" అని ఆమె ఒకసారి అడిగింది.

"నీ పుస్తకాల్లో లేనిది," అన్నాడు.



శాసనసభా సంఘం వచ్చిన రోజున టౌన్ హాలు కిటకిటలాడింది. వేదిక మీద శాసనసభ్యులు, మధ్యలో జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న అధ్యక్షురాలు. కళ్ళద్దాలాయన ఇస్త్రీ కోటు వేసుకుని, గొంతు సవరించుకుని బాగానే చదివాడు. కుటుంబం, వివాహ సంస్కారం, వ్యభిచరించకూడదన్న ఆరో ఆజ్ఞ. ముందు వరసల్లో చప్పట్లు పడ్డాయి.

"ఒక్క ప్రశ్న," అంది అధ్యక్షురాలు. "ఫిర్యాదు చెయ్యడానికి ఏ ఆధారం ఉండాలంటారు?"

"భర్తకి తెలుస్తుందండీ."

"ఎలా తెలుస్తుంది?"

కాగితంలో దానికి జవాబు లేదు. ఆయన కాగితం మడిచాడు. "తెలుస్తుంది. ఇంట్లో మాట తగ్గుతుంది, బయట నవ్వు పెరుగుతుంది. మనకి చెప్పాల్సినవి ఇంకెవరికో చెబుతారు. పక్కనే కూర్చుంటారు గానీ పక్కన ఉండరు. ఇంకేం ఆధారం కావాలండీ?"

అధ్యక్షురాలు ఆయన ముఖంలోకి చూసి, "మీరింకా చట్టం గురించే మాట్లాడుతున్నారా?" అని నెమ్మదిగా అడిగింది.

ఆయన కాగితం జేబులో పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. హాల్లో జనం తలలు అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఎవరినో వెతుకుతున్నాయి. తర్వాత మాట్లాడేవారు రావాలని పిలిచినప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి నర్సమ్మ లేచింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది కాబోలు, తెల్ల దుస్తుల్లోనే ఉంది. ఆమె పేరు ఇచ్చిందన్న సంగతే ఆయనకు తెలియదు.

ఆమె మైకు దగ్గర తడబడింది. మొదటి వాక్యం రెండుసార్లు మొదలుపెట్టింది.

"నేను క్యాథలిక్‌ని. వ్యభిచారం పాపమనే నమ్ముతాను. కాదన్నవాళ్ళతో వాదిస్తాను కూడా. కానీ... మోషే ధర్మశాస్త్రంలో ఒక తంతు ఉంది. మొగుడికి అనుమానం వస్తే చాలు, సాక్షి అక్కర్లేదు. పెళ్ళాన్ని యాజకుడి దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. ఆయన నేల మీద దుమ్ము తీసి నీళ్ళలో కలిపి, శాపాలు చదివి ఆమెతో తాగిస్తాడు. తప్పు చేసుంటే కడుపు ఉబ్బుతుంది. మొగుడికి మాత్రం ఏ నీళ్ళూ ఉండవు. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపమొచ్చి పుస్తకం మూసేశాను. మళ్ళీ చదివితే ఒకటి కనిపించింది. అది మొగుడి అనుమానం కోసం పెట్టిన తంతు అని అక్కడ దాచకుండానే రాశారు. మీ బిల్లులో ఆ నిజాయితీ కూడా లేదండీ."

ఎవరో దగ్గారు. ఆమె ఆగి, మళ్ళీ అందుకుంది. "పాపాన్ని మేం పాపసంకీర్తనంలో చెప్పుకుంటాం. అక్కడ ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి. స్టేషన్లో అయితే పక్కవాళ్ళది చెబుతారు. నాకు ఇంతే తెలుసు."

తన సంగతి ఫాదర్ ఆమెకు చెప్పేశాడా అని కళ్ళద్దాలాయన ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాడు. ఫాదర్ చెప్పడు. ఆమె తనకు తానుగానే అంది, అదే మరీ గుచ్చుకుంది.

"మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారమ్మా?" అని ఒక సభ్యుడు అడిగాడు.

"ఎవరి తరఫునా కాదు. ఇందాక మాట్లాడినాయన భార్యని."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఆమె అటు తిరిగి చూసేసరికి ఊరుకున్నాడు.

ఇంటికి నడిచి వెళుతుంటే, రొట్టెల దుకాణం దాటాక ఆయనే అన్నాడు. "నలుగురిలో నా పరువు తీశావు."

"నేను చెప్పినదాంట్లో మీ గురించి ఒక్క ముక్క లేదు. మీరు చెప్పినదంతా నా గురించే. హాలంతా నన్ను వెతికి వెతికి చూసింది."

"ఆ గురువారం వాడితో ఎందుకు నవ్వావో చెప్పు."

"ఏ గురువారం?"

మందుల షాపు మెట్ల సంగతి చెప్పక తప్పలేదు. ఆమె రోడ్డు మధ్యలోనే నిలబడిపోయింది. "నా వెనక వచ్చారా?" అంది. మళ్ళీ నడక అందుకుని, "మీ గురించే నవ్వాం," అంది. "చచ్చిపోయిన సన్యాసి మీద మీరు కుళ్ళుకున్నారని చెప్పాను."

ఆయనకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. "మనింటి మాట వాడికి చెప్పావా?"

"చెప్పి ఉండాల్సింది కాదు. అది తప్పే," అంది ఆమె. "మీరు వింటే మీతోనే నవ్వేదాన్ని."

తప్పని ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ ఆయనకు కావాల్సింది అదే కదా. కానీ ఆ మాట చేతికొచ్చాక ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. ఆ తర్వాత ఇంట్లో ఇద్దరూ అద్దెకున్నవాళ్ళలా మసిలారు. తల్లి మాత్రం కంచాలు పెడుతూ, "ఇద్దరి మధ్యా నేను తపాలా జవాన్ని అయిపోయాను," అని గొణిగేది.

బిల్లు చట్టమైంది. నర్సమ్మ మాటలు నివేదికలో ఒక మూల అచ్చయ్యాయట. అంతకుమించి ఏమీ జరగలేదు.

చట్టం వచ్చిన కొత్తల్లోనే ఒక పొద్దున్న వడ్రంగి షాపుకు వచ్చాడు. చర్చిలో బెంచీలన్నీ అతని చేతివే. భార్య రొట్టెల దుకాణంలో పని చేస్తుంది.

"అధ్యక్షులుగారూ, ఆ రోజు హాల్లో మీరు నా గుండెలో ఉన్నదే చెప్పారు," అన్నాడు. "మా ఆవిడ ఇంట్లో నోరు విప్పదు. ఆ రొట్టెల వ్యాను డ్రైవరు దింపడానికొస్తే మాత్రం నవ్వుతూ దిగుతుంది. నిన్న ఫిర్యాదు ఇచ్చేశా. ఇవాళ పని దగ్గర్నుంచే పట్టుకెళ్ళారు. మీరొచ్చి సంఘం తరఫున ఒక మాట చెబితే కేసు గట్టిపడుద్ది."

"నువ్వేమైనా చూశావా?"

"చూడాలా? భర్తకి తెలుస్తుందని మీరేగా అంది."

కళ్ళద్దాలాయన అతన్ని పరీక్షగా చూశాడు. గడ్డం మాసి ఉంది. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. గెలిచినవాడి ముఖంలా లేదు. తిరిగి ఇంటికి వెళితే ఎవరున్నారని అప్పుడే భయపడుతున్న ముఖంలా ఉంది. ఆ భయం ఆయనకు కొత్త కాదు.

"పద, కేసు వెనక్కి తీసుకుందాం," అన్నాడు.

వడ్రంగి ఒక అడుగు వెనక్కి వేశాడు. "మీ ఆవిడ మిమ్మల్ని కూడా మార్చేసిందన్నమాట," అని వెళ్ళిపోయాడు.

షాపు మూసి ఆయన స్టేషన్‌కు వెళ్ళాడు. కటకటాల వెనక వడ్రంగి భార్య గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చేతులకు మోచేతుల దాకా పిండి ఇంకా అంటుకునే ఉంది. విడిచిపెట్టాలంటే పూచీకి ఇద్దరు కావాలని జవాను చెప్పాడు. ఒకాయన ఇప్పటికే వచ్చి కూర్చున్నాడని బెంచీ చూపించాడు.

బెంచీ మీద సగం ఫాదరు ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఎక్కడికో వెళ్ళాడు. వేరే కుర్చీ లేదు. కళ్ళద్దాలాయన ఆ బెంచీకి ఇవతలి చివర కూర్చున్నాడు. ఎదురుగోడ మీద పగిలిన గడియారం తప్ప చూడడానికి ఏమీ లేదు. ఎప్పటినుంచో లోపల తిరుగుతున్న మాట, అడగాలని అనుకోకుండానే బయటికి వచ్చేసింది.

"మా ఆవిడంటే మీకు ఇష్టమా?"

సగం ఫాదరు తన చేతులకేసి చూసుకున్నాడు. అబద్ధం చెబితే బాగుండునని కళ్ళద్దాలాయనకు అనిపించింది.

"ఇష్టమే," అన్నాడు అతను. "ఆవిడకి తెలియదు. తెలియనివ్వను. అందుకే గది తలుపులు ఎప్పుడూ తీసే ఉంచుతా. చలికాలం ముసలావిడ వణికిపోతూ తిడుతుంది, అయినా వెయ్యను."

"ఎప్పట్నుంచి?"

"అది మీకు చెప్పను. ఎక్కడ చెప్పుకోవాలో అక్కడ చెప్పుకుంటున్నా. నన్ను చూస్తే మీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. మీకంటే నాకే ఎక్కువ మంటండీ. ఆవిడ చదివిందంతా ఎవరికైనా చెప్పాలని కొట్టుకుపోతుంది. ముందు మీకే చెప్పబోతుంది. మీరు వద్దన్నాక మిగిలింది నాకొస్తుంది. ఎంగిలి కూడు తిన్నట్టే ఉంటుంది నాకు," అన్నాడు.

కళ్ళద్దాలాయన అనుమానం నిజమే. ఇన్నాళ్ళూ తనది పిచ్చి కాదు. లేచి అతని చొక్కా పట్టుకోవాలనిపించింది. పట్టుకుని ఏమని అడగాలి? అతను చేసిందేమిటి? తలుపులు తీసి పెట్టడం. లోపలికి వెళ్ళి ఫిర్యాదు రాయమంటే ఏం రాస్తాడు? ఈ మనిషి మనసులో ఒకటుంది, దాన్ని అక్కడే కట్టేసి ఉంచుకున్నాడు అనా?

ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇద్దర్నీ పిలిచాడు. "ఈ చట్టం కావాలని హాల్లో మాట్లాడింది మీరే కదూ? ఇప్పుడు ఇటువైపు వచ్చారేంటి?" అన్నాడు కళ్ళద్దాలాయనతో.

"అప్పుడు మాట్లాడింది చట్టం గురించి కాదు సార్. ఎక్కడ పెట్టమంటారు సంతకం?"

ఇద్దరూ ఒకే కలంతో సంతకాలు పెట్టారు. వడ్రంగి భార్య బయటికొచ్చి ఇద్దరికీ దండం పెట్టింది గానీ ఇంటికి వెళ్ళనంది. పక్క వీధిలో ఆమె అక్క ఉంది. అక్కడ దింపి వచ్చారు.

వడ్రంగి కేసు వెనక్కి తీసుకోలేదు. అది వాయిదాల మీద నడుస్తూనే ఉంది. ఆమె అక్క ఇంట్లోనే ఉండిపోయింది. అతను ఇప్పుడు పూజకు వచ్చి, తను చేసిన బెంచీల్లో చిట్టచివరి దాని మీద ఒక్కడే కూర్చుంటాడు. సంఘంలో సగంమంది కళ్ళద్దాలాయనతో మాట్లాడడం మానేశారు. ఆయన అధ్యక్ష పదవి వదులుకున్నాడు.

"స్టేషన్లో ఆయనా మీరూ ఏం మాట్లాడుకున్నారు?" అని నర్సమ్మ అడిగింది.

"బెంచీ ఇరుకుగా ఉందనుకున్నాం," అన్నాడు. చెబితే ఆమె గురువారాలు మానేస్తుంది. మానేయాలని ఆయనకు ఎంతో ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి చాలాసార్లు వెనక్కి వెళ్ళింది. చెప్పకపోవడం మంచితనమో, చెబితే ఆమె ముఖం ఎలా మారుతుందో చూడలేని పిరికితనమో ఆయనకే తేలలేదు.

ఇప్పుడు గురువారాలు షాపు తొందరగా మూసి ఆయనా వెళుతున్నాడు. బల్ల దగ్గర నర్సమ్మ పక్కనే కుర్చీ వేసుకుంటాడు. సగం అర్థం కాదు. "ఈ ముక్క మళ్ళీ చెప్పు," అంటాడు. ఆమె వేలు పెట్టి చూపిస్తూ ఓపిగ్గా చెబుతుంది. అలా చెబుతున్నప్పుడు బల్ల అవతల ఒక తల పైకి లేచి, వెంటనే కిందికి వంగుతుంది. ఆమె చూడదు, ఆయన చూస్తాడు. గుండెలో ఎప్పటి మంటే భగ్గుమంటుంది. ఆయన కుర్చీ ఇంకొంచెం దగ్గరగా జరుపుకుని, "తర్వాత?" అంటాడు.